పాటియోకి కేబుల్ షేడ్లు పెట్టించుకున్నాం: ఫిబ్రవరి నుంచి మే దాకా మా అనుభవం

మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. రోజంతా గదిలో ఉండలేక సాయంత్రం కాసేపు ఇంటి వెనక పాటియోలో, అంటే పైకప్పు ఉన్న తెరిచిన వసారాలో, కూర్చుంటానంటుంది. వాకర్ పట్టుకుని నెమ్మదిగా వచ్చి, తన కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న చెట్లను చూస్తూ ఉంటే ఆవిడ ముఖమే మారిపోతుంది. కానీ మా పాటియో పడమటి వైపు ఉంది. మధ్యాహ్నం మూడున్నర దాటిందంటే పైకప్పు ఉన్నా లేనట్టే. సూర్యుడు దిగేకొద్దీ ఎండ పక్కనుంచి దూరి నేరుగా ముఖాన కొడుతుంది. ఫిబ్రవరి మొదటి వారంలో ఒక రోజు అమ్మ కూర్చున్న పది నిమిషాలకే లేచి, "లోపలికి పోదాం తల్లీ, కళ్లు మండుతున్నాయి" అంది. ఎండలు ముదిరేలోగా ఏదో ఒకటి చేయించాలని ఆ రోజే అనుకున్నాను.

ముందు మేమే తాడు కట్టి రెండు పాత పరదాలు వేలాడదీశాం. గాలి వీచినప్పుడల్లా అవి ఎగిరి అమ్మ ముఖానికి తగిలేవి, వాకర్‌కి చుట్టుకునేవి. మూడో రోజే తీసేశాం. కింద కదలకుండా పట్టి ఉంచేది ఏదో కావాలని అప్పుడు అర్థమైంది. వెతికితే కేబుల్ షేడ్ల గురించి, అంటే కేబుళ్ల వెంట కిందికి దిగే గుడ్డ తెరల గురించి తెలిసింది. ఇక్కడ కేబుల్ అంటే కరెంటు వైరు కాదు, స్టీలు తీగలు పేనిన సన్నటి తాడు. పైన గుడ్డ చుట్టుకునే రోలర్‌కి రెండు చివర్లా రెండు కేబుళ్లు నిలువుగా కిందికి బిగించి ఉంటాయి. గుడ్డ అడుగున బరువైన అల్యూమినియం పట్టీ ఉంటుంది, దాన్ని బాటమ్ బార్ అంటారు. ఆ బార్ రెండు చివర్లలో ఉన్న రంధ్రాల్లోంచి కేబుళ్లు వెళ్తాయి. షేడ్ దిగినా, లేచినా ఆ కేబుళ్ల వెంటే నడుస్తుంది కాబట్టి గాలికి ఇటూ అటూ ఊగదు.

ఫిబ్రవరి 10 నుంచి 16 మధ్య ముగ్గురిని పిలిచి చూపించాను. మొదటాయన పావుగంటలో తేల్చేశాడు. రంగుల కేటలాగ్ తెరిచి, పైన టేపు పెట్టి వెడల్పు కొలిచి, అప్పటికప్పుడు రేటు చెప్పాడు. రెండో ఆయన జిప్ రకం పెట్టుకోమన్నాడు. గుడ్డ అంచులకు జిప్ ఉండి, పిల్లర్లకు బిగించిన ఛానళ్లలో అది నడుస్తుంది. పక్కన సందే ఉండదు, పురుగులు రావు, గాలికి ఇంకా బాగా ఆగుతుంది. నాకు నచ్చింది. కానీ మా పిల్లర్లకు ఎగుడుదిగుడు రాతి పలకలు అంటించి ఉన్నాయి. ఛానల్ తిన్నగా ఆనాలంటే ఆ పలకలన్నీ పీకించాలి. ధర కూడా కేబుల్ రకానికి ఒకటిన్నర రెట్లు చెప్పాడు. మీ పిల్లర్లు నున్నగా, నిటారుగా ఉంటే మాత్రం జిప్ రకం కూడా ఒకసారి అడిగి చూడండి.

మూడో ఆయన వచ్చీ రాగానే పైకి చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని నేల చూశాడు. పిల్లర్ల మీద వేళ్లతో తట్టి చప్పుడు విన్నాడు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, ఇక్కడ ఎవరెవరు ఎటునుంచి ఎటు నడుస్తారు?" అని. నేను అమ్మ గురించి, వాకర్ గురించి చెప్పాను. ఆయన రేటు మొదటాయన కంటే దాదాపు ఐదో వంతు ఎక్కువ. అయినా ఆ ఒక్క ప్రశ్నతోనే నా మనసు ఆయన వైపు మొగ్గింది. ఈ నాలుగు నెలల్లో నాకు బాగా అర్థమైన విషయం కూడా అదే. అందరూ గుడ్డ గురించి, మోటార్ గురించి మాట్లాడతారు గానీ, కేబుల్ కింది కొస ఎక్కడ, దేనికి బిగిస్తారన్నది తేలితే సగం పని తేలినట్టే.

మా ఎదుటి వైపు ఖాళీ 4.2 మీటర్లు. పక్క వైపు 3.1 మీటర్లు. ఎత్తు రెండింటికీ 2.6 మీటర్లు. మొదటి ఇద్దరూ ఎదుటి వైపుకి రెండు షేడ్లు పక్కపక్కన పెడదామన్నారు. అలా అయితే రోలర్ ట్యూబ్ చిన్నది సరిపోతుంది, ఖర్చు తగ్గుతుంది. కానీ రెండు షేడ్ల మధ్య రెండు కేబుళ్లు సరిగ్గా పాటియో మధ్యలో కిందికి దిగుతాయి, వాటికి నేలలో బ్రాకెట్లు బిగించాలి. షేడ్ పైకి చుట్టేసినా కేబుళ్లు మాత్రం ఎప్పుడూ అక్కడే ఉంటాయి. ఈ మాట నాకు అంతవరకు తట్టనే లేదు. షేడ్‌తో పాటు అవీ పైకి పోతాయని అనుకున్నాను. అమ్మ తోటలోకి దిగే దారికి అడ్డంగా, నేల మీద రెండు ఇనప ముక్కలు పొడుచుకుని ఉంటాయంటే నాకు ఒళ్లు జలదరించింది.

మూడో ఆయన ఒకే పెద్ద షేడ్ వేయొచ్చన్నాడు. పొడవైన ట్యూబ్ తన బరువుకీ గుడ్డ బరువుకీ మధ్యలో కొద్దిగా వంగుతుంది, అప్పుడు గుడ్డ మీద వంకర ముడతలు పడతాయి. అది రాకుండా 63 మిల్లీమీటర్ల ట్యూబ్ బదులు ఇంకా లావుది వేయాలి. గుడ్డ రోల్ వెడల్పు 3.2 మీటర్లే, మాకు కావలసింది 4 మీటర్ల పైన. అందుకని గుడ్డను అడ్డంగా తిప్పి కత్తిరిస్తానన్నాడు. రోల్ వెడల్పు షేడ్‌కి ఎత్తు అవుతుంది. మా ఎత్తుకి, ట్యూబ్ మీద చుట్టడానికి ఉంచే అదనపు గుడ్డకి కలిపి 3 మీటర్ల లోపే కాబట్టి అతుకు లేకుండా సరిపోయింది. కేబుళ్లు రెండు చివరి పిల్లర్లకే. నేల మీద ఏమీ ఉండదు. ఒకే షేడ్ వల్ల ఖర్చు పెరిగింది, నిజమే. మా ఆయన ఒక పూట ఆలోచించి, "అత్తయ్య నడిచే చోట ఏమీ ఉండొద్దు, అదే చేయిద్దాం" అన్నారు.

గుడ్డ ఎంచుకోవడానికి వారం పట్టింది. నాలుగు నమూనాలు ఇచ్చి వెళ్లాడు. ఈ గుడ్డల నేతలో చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. మొత్తం గుడ్డలో ఖాళీ ఎంత శాతమో దాన్ని బట్టి 1, 3, 5, 10 శాతం అని పిలుస్తారు. కేటలాగ్‌లో చూస్తే ఏమీ తెలియదు. సాయంత్రం నాలుగింటికి నమూనా ముక్కలను క్లిప్పులతో తాడుకి పెట్టి, వాటి వెనక అమ్మని కూర్చోబెట్టి చూశాం. లేత రంగు చల్లగా ఉంటుందని నేను అనుకున్నాను. కానీ ఎండ పడగానే అది తెల్లగా వెలిగిపోయి అవతల ఏమీ కనబడలేదు, కళ్లు కూడా గుచ్చినట్టయింది. ముదురు బూడిద రంగులోంచి మాత్రం చెట్లు స్పష్టంగా కనిపించాయి. 10 శాతం గుడ్డలో సూర్యబింబం ఉన్న చోట కాంతి ఇంకా ఘాటుగానే ఉంది. 5 శాతం ముదురు బూడిద దగ్గర అమ్మ, "ఇది చాలమ్మా, ఆ పిట్ట కూడా కనపడుతోంది" అంది. అంతే, ఖాయం చేసేశాం.

ఫిబ్రవరి 24న సగం అడ్వాన్సు ఇచ్చాం. మొత్తంలో 40 శాతం బిగించిన రోజు, చివరి 10 శాతం రెండు వారాల తర్వాత అని కాగితం మీద రాయించుకున్నాను. ఆ చివరి 10 శాతం మాట మా ఆయన పట్టుబట్టి రాయించారు. తర్వాత అదెంత ఉపయోగపడిందో చెబుతాను. ఖర్చు ఎలా పంచుకుందో కూడా చెప్పాలి. మొత్తం 100 అనుకుంటే రెండు మోటార్లు, రిమోట్ కలిపి సుమారు 30. గుడ్డ, ట్యూబులు, బార్లు 45. బిగించే కూలి 15. మిగతా 10 కరెంటు పనికి, మేం ముందు అనుకోని చిల్లర ఖర్చులకు పోయింది.

ఫిబ్రవరి 28న అసలు కొలతలు తీసుకోవడానికి మళ్లీ వచ్చాడు. పైన, మధ్యలో, కింద మూడు చోట్ల వెడల్పు కొలిచాడు. ఎదుటి వైపు పైన 4.21, కింద 4.18. రాతి పలకల వల్ల పిల్లర్ కిందికి వచ్చేకొద్దీ లావైంది. చిన్న కొలతే తీసుకుని, అందులోంచి రెండు వైపులా కేబుల్‌కి, బ్రాకెట్‌కి కావలసినంత తగ్గించి గుడ్డ వెడల్పు లెక్కేశాడు. అప్పుడే అడిగాను, పక్కల సందు ఎంత ఉంటుందని. ఒక్కో వైపు దాదాపు 4 సెంటీమీటర్లు అన్నాడు. వినడానికి చిన్నగానే ఉంది. దాని సంగతి తర్వాత తెలిసింది.

తర్వాత మొదలైంది నిరీక్షణ. నాలుగు వారాలన్నారు. మార్చి 28న ఫోన్ చేస్తే ఆ సైజు ట్యూబ్ ఇంకా రాలేదన్నారు. ఏప్రిల్ 6న చేస్తే ట్యూబ్ వచ్చింది కానీ గుడ్డలో పొడుగ్గా ఒక తెల్లటి మడత గీత కనపడిందట, మళ్లీ కొత్త గుడ్డ కత్తిరిస్తున్నామన్నారు. నాకు కోపం వచ్చిన మాట వాస్తవం. కానీ ఆ గీతతోనే బిగించి ఉంటే రోజూ దాన్నే చూస్తూ ఉండేదాన్ని. చివరికి ఏప్రిల్ 14న సరుకు సిద్ధమైందని కబురొచ్చింది. కొలతలు తీసుకున్న రోజు నుంచి లెక్కేస్తే 45 రోజులు. ఈలోగా ఎండలు మండిపోతున్నాయి. అమ్మ సాయంత్రాలు కిటికీ దగ్గరే కూర్చునేది. ఏమీ అనేది కాదు గానీ, నన్ను చూసినప్పుడల్లా "వాళ్లు ఫోన్ చేశారా?" అని మాత్రం అడిగేది. ఈ ఆలస్యం ముందే తెలిసి ఉంటే జనవరిలోనే మొదలుపెట్టేదాన్ని.

మార్చి 20న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మోటార్లకు పాయింట్లు పెట్టించాను. ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. ఆర్డర్ కాగితంలో ఎదుటి షేడ్‌కి మోటార్ కుడివైపు అని రాసి ఉంది. నేను పాటియోలో నిలబడి తోట వైపు చూస్తూ కుడివైపు పాయింట్ పెట్టించాను. బిగించే రోజు పెట్టె విప్పితే మోటార్ ఎడమవైపు ఉంది. వాళ్లు కుడి ఎడమలు తోటలో నిలబడి ఇంటి వైపు చూసి రాసుకున్నారు. తప్పు ఎవరిదని వాదించే ఓపిక అప్పుడు లేదు. దూలం వెంట 4 మీటర్ల పైపులో వైరు లాగించాల్సి వచ్చింది. ఎలక్ట్రీషియన్‌కి రెండోసారి డబ్బులు, ఒక పూట ఆలస్యం. మీరు మాత్రం కుడి ఎడమలు రాయకండి. "వంటగది గోడ వైపు", "గేటు వైపు" అని రాయించండి.

ఏప్రిల్ 16 ఉదయం తొమ్మిదింటికి ఇద్దరు వచ్చారు. సాయంత్రానికి అయిపోతుందన్నారు. పైన దూలం కాంక్రీటుదే కాబట్టి బ్రాకెట్లు, రోలర్లు మధ్యాహ్నం లోపే ఎక్కేశాయి. ఆ ఊపు చూసి నేను సంబరపడ్డాను. అసలు కథ కింద మొదలైంది. కేబుల్ కింది బ్రాకెట్ పిల్లర్‌కి బిగించాలి. డ్రిల్ పెడితే ముందు రాతి పలక, దాని వెనక సిమెంటు, ఆ వెనక అసలు కాంక్రీటు. రంధ్రంలో పట్టుకుని ఉండే యాంకర్ బోల్ట్ మొదటిది బిగిస్తుంటే గట్టిపడకుండా అక్కడే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. పలక వెనక బోలుగా ఉందన్నమాట. వచ్చిన ఇద్దరిలో పెద్దాయన దాన్ని అక్కడికక్కడే బయటికి లాగేశాడు. "ఇలాగే వదిలేస్తే ఈరోజు నిలబడుతుంది మేడమ్, మొదటి గాలికి పలకతో సహా ఊడొస్తుంది" అన్నాడు. ఆ మాటకి నాకు ధైర్యం వచ్చింది, టెన్షన్ కూడా వచ్చింది.

కేబుల్ లాగి బిగించాక ఆ బరువంతా ఎప్పుడూ ఆ చిన్న బ్రాకెట్ మీదే ఉంటుంది. గాలి వీస్తే ఇంకా పెరుగుతుంది. అందుకని పొడవైన స్టీలు కడ్డీలు తెప్పించి, కాంక్రీటు లోపలిదాకా రంధ్రం చేసి, దాంట్లో దుమ్మంతా ఊది, బ్రష్‌తో శుభ్రం చేసి, యాంకర్లకు వాడే జిగురు నింపి కడ్డీలు దింపారు. అది గట్టిపడే వరకు ముట్టుకోకూడదు. అలా నాలుగు చోట్లా చేసేసరికి సాయంత్రం ఐదయింది. మిగతా పని మర్నాటికి. రాత్రి భోజనాల దగ్గర అమ్మ, "ఇంకో రోజైతే ఏమైందే, గట్టిగా ఉంటే చాలు" అంది. నాకు మాత్రం నిద్ర సరిగా పట్టలేదు, ఆ రంధ్రాల వల్ల రాయి పగులుతుందేమోనని. ఒక పలక మూల చిన్న పెచ్చు ఊడింది తప్ప ఏమీ కాలేదు.

ఏప్రిల్ 17 పొద్దున కేబుళ్లు కట్టడం మొదలుపెట్టారు. మేము 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకున్నాం, 3 మిల్లీమీటర్ల లావు. 304 కంటే ఇది తుప్పుకు బాగా ఆగుతుంది. రోజూ తడిసి ఎండే చోట దీనికి కొంచెం ఎక్కువ పెట్టడం మంచిదనిపించింది. కోసే ముందు కేబుల్‌కి టేపు చుట్టి, ప్రత్యేకమైన కట్టర్‌తో కోశారు. మామూలు కటింగ్ ప్లేయర్‌తో కోస్తే తీగలు విచ్చుకుని బ్రష్ లాగా అయిపోతాయట, అవి బార్ రంధ్రంలోంచి దూరవు, చేతికి గుచ్చుకుంటాయి. దారానికి గుండు కట్టి పైనుంచి వేలాడదీసి, కేబుల్ దానికి సమంగా ఉందో లేదో చూశారు. ఎడమ కేబుల్ కింద ఒక సెంటీమీటరు లోపలికి ఉంది. అంతే కదా అనుకున్నాను. కానీ షేడ్ దించితే సగం దాకా బాగానే వచ్చి, అక్కడినుంచి బార్ ఒకవైపు పట్టేసి ఏటవాలుగా ఆగిపోయింది. కింద రెండు కేబుళ్ల మధ్య దూరం తగ్గిపోవడంతో బార్ ఇరుక్కుంటోంది. బ్రాకెట్ రంధ్రం పొడుగ్గా ఉండడం వల్ల బయటికి జరిపి సరిచేయగలిగారు. జిగురుతో దింపిన కడ్డీని మాత్రం ఎటూ కదపలేం కదా.

పక్క షేడ్‌లో ఇంకో చిక్కు. చుట్టుకునేటప్పుడు గుడ్డ ఒక పక్కకి జరుగుతూ పోయి, అంచు బ్రాకెట్‌కి రాసుకుంటోంది. రసమట్టం పెట్టి చూస్తే ట్యూబ్ ఒక చివర కొంచెం కిందికి ఉంది. ఆ బ్రాకెట్‌కి పల్చటి రేకు ముక్క పెట్టి మట్టం చేశాక గుడ్డ తిన్నగా చుట్టుకుంది. ఇదే షేడ్ కిందికి దించితే ఇంటి గోడ వైపు బార్ నేలకి ఆనింది, తోట వైపు నాలుగున్నర సెంటీమీటర్లు పైనే ఉండిపోయింది. ముందు షేడే వంకరగా ఉందనుకుని గాభరా పడ్డాను. వంకర షేడ్‌లో లేదు. వాన నీళ్లు ఇంటి వైపు రాకుండా పాటియో నేలకు తోట వైపు వాలు పెడతారు. 3.1 మీటర్ల పొడవునా ఆ వాలు నాలుగున్నర సెంటీమీటర్లు. బార్ మట్టంగా ఉంటుంది, నేల ఉండదు. ఎదుటి షేడ్‌కి ఈ సమస్య లేదు, ఎందుకంటే ఆ అంచు వాలుకి అడ్డంగా ఉంది. బార్ కింద ఏటవాలుగా కోసిన గుడ్డ పట్టీ కుట్టిస్తామన్నారు గానీ వద్దన్నాం.

మధ్యాహ్నం మోటార్లకి పై హద్దు, కింది హద్దు నేర్పించడం మొదలుపెట్టారు. అంటే ఎక్కడ ఆగాలో మోటార్‌కి చెప్పడం. నాలుగైదుసార్లు పైకీ కిందికీ తిప్పాక మోటార్ ఉన్నట్టుండి ఆగిపోయింది. రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కాలిపోయిందనుకుని నా గుండె జారిపోయింది. బిగించేవాళ్లలో ఒకతను నవ్వి, "వేడెక్కింది మేడమ్, తనంతట తనే ఆగింది, చల్లారాక తిరుగుతుంది" అన్నాడు. ఇలాంటి మోటార్లు ఏకధాటిగా నాలుగైదు నిమిషాలకు మించి తిరగడానికి చేసినవి కావట. సరిగ్గా ఇరవై నిమిషాలకి మళ్లీ కదిలింది. కొత్త ముచ్చటలో పిల్లలు పదే పదే రిమోట్ నొక్కితే ఇలాగే ఆగిపోవచ్చు, కంగారు పడకండి.

సాయంత్రం నాలుగున్నరకి మొదటిసారి రెండు షేడ్లూ పూర్తిగా దించాం. అమ్మని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఆవిడ ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పు తీసి పాదం నేల మీద ఆనించి, "కాలడం లేదే!" అంది. ఇంటి లోపలి వరస కూడా మారింది. ఎండ గాజు తలుపుకి తగలకముందే బయటే ఆగిపోతోంది కాబట్టి, తలుపు పక్కన గదిలో సాయంత్రం ఉండే ఆ సెగ లేదు. లోపల కట్టిన పరదాలతో ఇన్నేళ్లూ ఇది ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే పరదా దగ్గరికి వచ్చేసరికే వేడి గాజు దాటి లోపలికి వచ్చేసి ఉండేది. ఫిబ్రవరి 10న మొదటి మనిషి వచ్చి చూసిన దగ్గర్నుంచి ఆ సాయంత్రానికి 66 రోజులు.

తర్వాతి రోజుల్లో తెలిసినవి కొన్ని ఉన్నాయి. 4 సెంటీమీటర్ల సందు అన్నాను కదా, ఐదు దాటాక దాంట్లోంచి ఎండ ఒక సన్నటి పట్టీలా నేల మీద పడి, మెల్లగా జరుగుతూ అమ్మ కుర్చీ దాకా వస్తుంది. కుర్చీని ఒక అడుగు పక్కకి మార్చాం. రాత్రి పాటియోలో లైటు వేస్తే బయటివాళ్లకి లోపల అంతా కనిపిస్తుంది, మనకే బయట ఏమీ కనపడదు. పగలు దీనికి తిరగబడి ఉంటుంది. కొత్త గుడ్డకి వచ్చే ప్లాస్టిక్ వాసన పది రోజులకి పోయింది. ఇంకొకటి, ఎదుటి గుడ్డ అడ్డంగా తిప్పి కోసింది, పక్క గుడ్డ మామూలుగా కోసింది కదా, రెండింటి నేత గీతలు ఒకదానికొకటి వేరే దిశలో ఉన్నాయి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు రెండూ వేర్వేరు రంగుల్లా కనిపిస్తాయి. మూల దగ్గర నిలబడితే నాకు అదే కంట పడుతుంది. రెండూ ఒకేలా తిప్పి కోయమని అడిగి ఉంటే కోసేవారే. నాకు తెలియలేదు, వాళ్లూ చెప్పలేదు.

ఏప్రిల్ 21 సాయంత్రం జరిగింది మాత్రం నేను మర్చిపోలేను. చీకటి పడుతోంది. షేడ్లు పైకి ఎత్తేశాం. అమ్మ లేచి, వాకర్ ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పిల్లర్ కోసం చాపింది. చేతికి పిల్లర్ బదులు కేబుల్ దొరికింది. మూడు మిల్లీమీటర్ల తీగ, ఆ వెలుతురులో కనపడనే కనపడదు. ఆవిడ బరువు దాని మీద పడగానే అది కొంచెం లోపలికి వంగింది, ఆవిడ తూలింది. మా ఆయన పక్కనే ఉండి భుజం పట్టుకున్నారు. బ్రాకెట్ చెక్కు చెదరలేదు, ఆ జిగురు వేసి కడ్డీలు దింపడం ఎంత మంచిదైందో అనుకున్నాను. అమ్మ అరచేతిలో ఎర్రటి గీత పడింది. ఆ రాత్రి చాలాసేపు ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నేల మీద అడ్డు లేకుండా అంత జాగ్రత్తపడ్డ మేము, నిలువుగా ఉన్న తీగని ఎవరైనా పట్టుకోవచ్చని ఆలోచించలేదు. మర్నాడే ఆ పిల్లర్‌కి నడుము ఎత్తులో పట్టుకోవడానికి గట్టి స్టీలు కడ్డీ బిగించాం. మిగతా మూడు కేబుళ్లకి కూడా, అమ్మ చెయ్యి అందే ఎత్తులో పసుపు రంగు టేపు చుట్టాలనుకున్నాం. కానీ బార్ ఆ టేపు దగ్గర ఆగిపోతుందని పెద్దాయన ఫోన్‌లో వద్దన్నాడు. దాంతో కేబుళ్లని వదిలేసి, వాటి వెనక పిల్లర్ల మీద పసుపు పట్టీలు అంటించాం. ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే ఈ సంగతి మొదటి రోజే చూసుకోండి.

వారం తిరిగేసరికే, ఏప్రిల్ 24న, చిన్న గాలికే బార్ టక టకమని కొట్టుకోవడం మొదలైంది. చేత్తో లాగి చూస్తే కేబుల్ వదులైంది. కొత్త కేబుల్ మొదట్లో కొంచెం సాగుతుందట, పేనిన తీగలు సర్దుకోవడం వల్ల. ఇది లోపం కాదు కానీ ఎవరూ ముందు చెప్పలేదు. ఇక్కడే చివరి 10 శాతం పని చేసింది. ఫోన్ చేసిన రెండో రోజే మనిషి వచ్చి, కింద టర్న్‌బకిల్ అనే బిగింపు మర తిప్పి బిగించి, నాకూ నేర్పించాడు. మరీ వీణ తీగలా లాగకూడదు. అలా లాగితే పైన బ్రాకెట్ వంగుతుంది, గాలికి కేబుల్ గుయ్యిమంటుంది. మధ్యలో వేలితో నొక్కితే కొద్దిగా కదలాలి, వదిలితే వెంటనే వెనక్కి రావాలి. ఆ రోజే మిగతా డబ్బు ఇచ్చేశాం.

మే 8 రాత్రి జరిగిన దానికి మాత్రం బాధ్యత మాదే. షేడ్లు దించి ఉంచే పడుకున్నాం. ఒంటిగంటకి గాలివాన. లేచి వచ్చేసరికి ఎదుటి షేడ్ తెరచాపలా ఉబ్బి, బార్ పైకి లేచి లేచి పడుతోంది. రిమోట్ దొరకలేదు. దొరికేసరికి బార్ చివర ఉండే ప్లాస్టిక్ మూత, కేబుల్ దూరే ముక్క, పగిలిపోయింది. గాలి ఎక్కువైతే ఎత్తేయమని ఇచ్చిన కాగితంలో మొదటి లైనే అది. వెడల్పు ఎక్కువైన కొద్దీ గుడ్డ మీద పడే గాలి బలం కూడా పెరుగుతుంది. మా ఎదుటి షేడ్ దాదాపు 11 చదరపు మీటర్లు. అంత పెద్ద గుడ్డని రెండు సన్నటి తీగలు ఎంతకని ఆపుతాయి? ఆ చిన్న మూత కోసం 19 రోజులు ఆగాం, మే 27న వచ్చింది. అప్పటిదాకా ఎదుటి షేడ్ పైనే ఉంది, అమ్మ మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లింది. ఒక జత అదనపు మూతలు కొనిపెట్టుకున్నాను.

దాంతోపాటే గాలి సెన్సర్ కూడా పెట్టించాం. బార్ ఊగడాన్ని గుర్తించి షేడ్‌ని తనే పైకి ఎత్తేసే చిన్న డబ్బా అది, బార్ లోపలి వైపు అంటుకుని ఉంటుంది, బ్యాటరీతో నడుస్తుంది. మొదటి రెండు రోజులు చిరుగాలికే ఎత్తేస్తుంటే అమ్మ విసుక్కుంది. దాని సున్నితత్వం తగ్గించాక సర్దుకుంది. తడిసిన షేడ్‌ని మాత్రం చుట్టి అలాగే వదిలేయకూడదు, బూజు మచ్చలు పడతాయి. వానలో సెన్సర్ ఎత్తేసిందంటే, మర్నాడు ఎండ రాగానే మళ్లీ దించి ఆరనిస్తున్నాం.

ఇప్పుడు రిమోట్ అమ్మ దగ్గరే ఉంటుంది, వాకర్‌కి తగిలించిన గుడ్డ సంచిలో. మూడున్నరకి తనే దించుకుంటుంది, ఆరున్నరకి తనే ఎత్తుతుంది. రాత్రి పడుకునే ముందు పాటియో తలుపు తీసి, రెండు షేడ్లూ పైనే ఉన్నాయో లేదో నేను ఒకసారి చూసి వస్తాను.